వదిన అందించని మాట

కూర్చోవే తల్లీ, గోడ వంక అలా ఎంతసేపు చూసినా గోడేం చెబుతుంది. ఆ గిన్నె ఇటు జరుపు, నువ్వు కాసిని బఠానీలు ఒలువు, నేను కాసిని ఒలుస్తాను. నెల్లాళ్ల నుంచీ చూస్తున్నాను, పసుపు కాగితం ముక్కలు గోడకి అంటిస్తావు, మళ్లీ పీకుతావు, పెన్సిళ్లు చెక్కుతావు, చెక్కిన పెన్సిలే మళ్లీ చెక్కుతావు. నిన్న నీ గది తుడవబోతే మీ అమ్మ గుమ్మంలోంచే అడ్డం పడింది, "అమ్మా, అది స్క్రిప్టు రాస్తోంది, ఆ కాగితాలు కదపకు" అని. రాస్తుంటే నేనెందుకు కదుపుతానే. రాస్తున్న జాడ కనపడకే చీపురు పట్టుకున్నా. ఏమిటీ? ఇది రాయడానికి ముందు చేసే పనా? మొదటి డ్రాఫ్టుకి తయారవుతున్నావా? సరే సరే, మూతి ముడుచుకోకు, నేనేం వెక్కిరించడం లేదు. తయారవడం అంటే ఏమిటో నాకు తెలుసు. అక్షరమ్ముక్క రాని రోజుల్లో కూడా అదొక్కటి తెలుసు. మా వదిన దగ్గర చూశాను. అవును, మీ తాతయ్య అక్క. నువ్వు పుట్టేనాటికే లేదు. మీ అమ్మనడుగు, జడ ఎంత బిగించి వేసేదో చెబుతుంది, కనుబొమ్మలు నడినెత్తికి పోయేవట.

వదిన నాటకాల కంపెనీలో మాట అందించేది. ప్రాంప్టరు అంటారుట, ఆ మాట నాకు చాలా కాలం నోరు తిరగలేదు. తెర పక్కన, జనానికి కనపడని సందులో, ఒక ముక్కాలిపీట. దాని మీద కూచుని, ఒళ్లో నాటకం పుస్తకం పెట్టుకుని, స్టేజీ మీద ఎవరైనా మాట మర్చిపోతే మొదటి రెండు ముక్కలు మెల్లిగా వాళ్ల చెవిన పడేట్టు అనడం. అంతే పని. నే చెప్పబోయే సంగతి నాటికే పదిహేనేళ్లుగా అదే పీట. మిగతా టైములో వేషాల బట్టలకి ఊడిన గుండీలు కుట్టేది. కంపెనీలో అందరూ ఆవిడని గుసగుసమ్మ అనేవాళ్లు. గుసగుసే గానీ అది ఎలాంటి గుసగుసనుకున్నావ్, వంటింట్లో అంటే వీధి గుమ్మంలో వినపడేది. ఇంట్లో కూడా ఆ అలవాటు పోలేదు. మీ తాతయ్య పొద్దున్నే చెప్పులేసుకుంటూ "నేనివాళ..." అంటాడా, పక్క గదిలోంచి "ఆలస్యంగా వస్తాను" అని ఆవిడ అందించేసేది. పాపం ఆయన పెందలాడే వద్దామనుకున్న రోజు కూడా, అందించాక తప్పుతుందా, ఆలస్యంగానే వచ్చేవాడు. పెళ్లి ఎందుకు చేసుకోలేదు వదినా అని ఒకసారి అడిగాను. "అతని మాటలు కూడా నేనే అందించాల్సొస్తే ఇంకతనెందుకు మరదలా" అంది. నవ్వుతూనే అంది. నవ్వేనో కాదో, ఆవిడ సంగతి చెప్పలేం.

ఆ, ఏం చెబుతున్నాను? తయారవడం. నాకు పెళ్లయిన ఆరేడేళ్లకి కంపెనీలో నాటకాలు రాసే ఆయన చెప్పాపెట్టకుండా ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. యజమానికి కొత్త నాటకం కావాలి. ఎవరో అన్నారుట, మన గుసగుసమ్మకి పాత నాటకాలన్నీ కంఠతా వచ్చు, ఆవిడ చేతే రాయించండి అని. యజమాని పెద్ద గొంతాయన, ఇంటికొచ్చి మరీ చెప్పాడు. "చూడమ్మా, నాలుగు నెలలు టైమిస్తాను. నాటకం నిలబడిందా, రేపట్నించి నువ్వు మా రచయితవి, నీ కుర్చీ వేరు, నీ గది వేరు. నిలబడలేదా, నీ ముక్కాలిపీట ఎక్కడికీ పోదు." ఆయన వెళ్లాక వదిన చాలాసేపు నిలబడే ఉంది. కూర్చో వదినా అంటే, "పదిహేనేళ్లు కూర్చున్నానే" అంది. ఆ మాటతో నాకర్థమైంది, ఆవిడకి ఇదెంత పెద్ద విషయమో. మర్నాడు గీతల్లేని లావుపాటి పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. తెచ్చి బీరువా పైన పెట్టింది. ఇహ ముట్టుకుంటే ఒట్టు. వారమైంది, నెలైంది. మీ తాతయ్య ఉండబట్టలేక "అక్కా, అది రాసే పుస్తకమా, అరగదీసి గంధం తీసేదా" అన్నాడు. ఆవిడేమంటుందీ, "పుస్తకం ఎక్కడికీ పారిపోదురా. అందులో పెట్టకూడనివి ఏవో ముందు తేలనీ" అంది.

అది తేల్చడానికి ఆవిడ పెట్టుకున్న పద్ధతి నేను. నిజమే, నేనే. పదిహేనేళ్లు మాట అందించీ అందించీ ఆవిడ ఒకటి కనిపెట్టింది. వేషగాళ్లు మర్చిపోయేది ఎప్పుడూ ఒకే చోటట. ఊరు మారినా, వేషగాడు మారినా, ఆ మాట దగ్గరే తడబడతారు. "తప్పు వాడిది కాదు మరదలా, రాసినవాడిది. కథకి అక్కర్లేనిది మనిషి తలలో నిలవదు." అందుకని ఆవిడ నాకు కథ చెప్పేది. మధ్యాహ్నం పనయ్యాక, నేను ఇస్త్రీ చేస్తుంటే, మొదట్నించి చివరిదాకా ఒకే ఊపున. మధ్యలో ఏమీ అడక్కూడదు. ఎల్లుండి అదే టైముకి నేను తిరిగి చెప్పాలి. నాకు గుర్తున్నది కథలో ఉంటుంది, మర్చిపోయింది ఎగిరిపోతుంది. నేనే ఎందుకు అంటే, "చదువుకున్నవాళ్లకి దాచుకోవడానికి కాగితం ఉంది. నీకు నీ తలొక్కటే. నీ దగ్గర నిలిచిందే గట్టిది" అంది. తిట్టో పొగడ్తో తెలీలేదు గానీ, ఆ ఇంట్లో నాకు చదువు రాకపోవడం ఒకరికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మనుషుల్ని గుర్తు పెట్టుకోవడానికి గుండీలు వాడేది. ఆ రేకు డబ్బా, అదే, ఇప్పటికీ నా అల్మరాలో ఉందిగా, అందులోవే. ఇస్త్రీబల్ల కొస మీద వరసగా పెట్టేది. ఇత్తడి గుండీ అత్తగారు, నల్లది మావగారు, చెక్కది పెళ్లికొడుకు. కథ ఏమిటంటే, ఒక పెద్ద చదువులిల్లు. దానికి కొత్త కోడలొస్తుంది. అందరికీ నచ్చుతుంది. ఒకరోజు పుట్టింటికెళ్తుంది, ఇంక తిరిగి రానంటుంది. ఎందుకు రానంటుంది అన్నది వదినకే తెలీదప్పటికి. ఆ కోడలు తెల్ల గుండీ, చొక్కాది, ఒక చిల్లు విరిగింది. మొదట పదకొండు గుండీలుండేవి. ఎల్లుండి నేను చెప్పేసరికి కోడలితో గొడవపడే మేనమామనీ, నవ్వించడానికి పెట్టిన డాక్టర్నీ మర్చిపోయాను. వదిన ఆ రెండు గుండీలూ తీసి డబ్బాలో పడేసింది. సరిగ్గా అప్పుడే మీ తాతయ్య లోపలికొస్తున్నాడు. వదిన నాతో అంటోంది, "మేనమామ పోయాడు. డాక్టరు కూడా పోయాడు. ఇద్దర్నీ నువ్వే తీసేశావు." ఆయన చేతిలో సంచీ కింద పెట్టేసి గోడకానుకుని కూచుండిపోయాడు. మా ఇద్దరికీ నవ్వాగక సంగతి చెప్పడానికి పావుగంట పట్టింది. అప్పట్నించీ ఇంట్లో అడుగు పెడుతూనే "ఇవాళ ఎవరు పోయారు" అని అడిగేవాడు.

ఇక్కడ నీకొక వెనకటి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ముందుది అర్థం కాదు. మీ అమ్మక్కూడా తెలీదిది. నా సంబంధం కుదిర్చినప్పుడు మా పెద్దనాన్న అమ్మాయి అయిదు దాకా చదివింది అని చెప్పేశాడు. నేను బడి గుమ్మం కూడా చూళ్లేదు. ఇక్కడ చూస్తే గడియారాలు బాగు చేసే మొగుడు, పుస్తకాలు చదివే ఆడబిడ్డ. నోరు కుట్టేసుకున్నాను. పెళ్లయిన ఏడాదికి మా అమ్మ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఎవరి చేతో రాయించి ఉంటుంది. అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఏం చెయ్యను? ఉత్తరాలు చదివేవాళ్లని చూశానుగా. కిటికీ దగ్గర కూచున్నాను. కళ్లు ఇటు నుంచి అటు తిప్పాను. రెండు చోట్ల నవ్వాను. ఒకచోట తల ఊపాను. "మీ అమ్మ ఏం రాసింది" అన్నాడు మీ తాతయ్య. "అందరూ బాగున్నారట, మా మేక రెండు పిల్లల్ని పెట్టిందట" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మేక, నాకిప్పటికీ తెలీదు. ఆయన ముచ్చటపడి, "ఏ రంగువి" అన్నాడు. "ఒకటి నలుపు, ఒకటి మచ్చలది" అన్నాను. తడుముకోకుండా. ఉత్తరం తీసుకెళ్లి గుండీల డబ్బాలో అడుక్కి దాచేశాను.

పదకొండు రోజులకి వదిన గుండీ కోసం డబ్బా తిరగేసింది. నన్ను పెరట్లోకి పిలిచింది, తలుపు దగ్గరికేసింది, ఉత్తరం చదివి వినిపించింది. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో. ఆవిడ మామూలు గొంతు ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. అమ్మకి బాలేదు, మంచం మీదుంది, బయల్దేరి రమ్మంది. అంతే ఉంది అందులో, నాలుగు ముక్కలు. మరి మేకేదీ అని అడగలేదు వదిన. మీ తాతయ్యకి చెప్పలేదు. ఇప్పుడే ఇంకో ఉత్తరం వచ్చింది, తల్లికి ఉన్నట్టుండి జబ్బు చేసిందిట అని ఆవిడే చెప్పి, ఆవిడే నన్ను బస్సెక్కించింది. నేను వెళ్లేసరికి అమ్మకి మాట పడిపోయింది. చూపుంది. మూడు రోజులుంది. సరేలే. నువ్వు ఒలువు, చేతులాపకు.

తిరిగొచ్చాక ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. అయిదారేళ్లు. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ తాతయ్య అనేవాడు, ఆ ఒక్క గింజ మటుకు నానుతూనే ఉంది. ఇక నాటకం. మూడోసారో నాలుగోసారో, గడువింకా నెలే ఉంది. వదిన కథ చెబుతోంది, నేను మీ తాతయ్య చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. తెల్ల గుండీని బల్ల అంచు దాకా జరిపింది. నా వంక చూడకుండా చెబుతోంది. "కోడలికి ఉత్తరం వస్తుంది. కిటికీ దగ్గర కూచుంటుంది. కళ్లు ఇటు నుంచి అటు తిప్పుతుంది. రెండు చోట్ల నవ్వుతుంది. ఏం రాశారు అని అడుగుతారు. అందరూ బాగున్నారు, మా మేక రెండు పిల్లల్ని పెట్టిందిట అంటుంది." తర్వాత పుట్టిల్లు, తల్లి మంచం, అన్నీ చెప్పింది. నాకు కాలిన వాసన వచ్చాక తెలిసింది, ఇస్త్రీపెట్టె చొక్కా వీపు మీద అలాగే ఉంది. పెట్టె ఆకారం పెట్టె ఆకారంగా మాడింది. వదిన చూసింది.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆలోచించుకో. నాటకానికి మీ తాతయ్య వస్తాడు, ముందు వరసలో కూచుంటాడు. వేరే ఏ మాటైనా ఆయన దాటేసేవాడేమో. మేక పిల్లల దగ్గర దొరికిపోతాను. అప్పటికీ ఆయన అప్పుడప్పుడూ అడుగుతూనే ఉండేవాడు, ఆ మచ్చలది ఎంత పెద్దదైంది అని. చచ్చిన అబద్ధానికి ఏటేటా వయసు పెంచుతూ వచ్చాను నేను. సరే, ఎల్లుండొచ్చింది. వదిన గుండీలు పేర్చింది. నేను మొదలుపెట్టాను. మొదట్నించీ పొల్లు పోకుండా చెప్పాను. అత్తగారు తాళాలగుత్తి ఎక్కడ పెట్టిందో చెప్పాను. మావగారు ఏ కాలికి ముందు చెప్పేసుకున్నాడో చెప్పాను. అక్కడికొచ్చేసరికి, "ఆ తర్వాత కోడలు పుట్టింటికెళ్లింది" అన్నాను. "మధ్యలో?" అంది. "మధ్యలో ఏమీ లేదు వదినా. నాకు గుర్తున్నంత వరకు ఇంతే." నేను తల దించుకుని ఉన్నాను. పదిహేనేళ్లుగా, మధ్యలో ఆగిపోయిన ప్రతివాళ్లకీ మాట అందించిన మనిషి. 'కోడలికి ఉత్తరం' అంటే చాలు, రెండే రెండు ముక్కలు. నేనింక తప్పించుకోలేను. ఆ ముక్కల కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను, అందిస్తుందనే భయం, అందిస్తే బావుణ్ణనీ ఎక్కడో ఉంది. అందించలేదు. చాలాసేపటికి తెల్ల గుండీని బల్ల అంచు నుంచి వెనక్కి జరిపింది. "సరే, మిగతాది చెప్పు" అంది. మర్నాడు పొద్దున్నే బీరువా పైనుంచి పుస్తకం దింపి రాయడం మొదలెట్టింది. పంతొమ్మిది రోజుల్లో అయిపోయింది. ఒక్క కొట్టివేత లేదని మీ తాతయ్య ఆశ్చర్యపోయాడు.

నాటకం ఆడారు. సగం దాకా బ్రహ్మాండంగా ఉంది. అత్తగారి తాళాలగుత్తికి జనం పడీ పడీ నవ్వారు. తర్వాత కోడలు పుట్టింటికెళ్లింది. తల్లి మంచం దగ్గర కూలబడి, "నన్ను క్షమించమ్మా" అని ఏడ్చింది. బాగానే ఏడ్చింది ఆ అమ్మాయి. నా వెనక వరసలో ఒకావిడ పక్కావిణ్ణి అడిగింది, "ఇదేం చేసిందని?" పక్కావిడ, "ఏమో, నేనూ అదే చూస్తున్నా" అంది. ఒకరు దగ్గారు, ఇంకొకరు దగ్గారు. అంత పెద్ద హాల్లో దానికి జవాబు తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు తెర వెనక, ఒకరు ముందు వరసలో, మొగుడి పక్కన. యజమాని ఏమీ చెడ్డవాడు కాడు, ఆట అయ్యాక మా ముందే అన్నాడు, "అమ్మా, అంతా బాగుంది, మధ్యలో గొయ్యి ఉంది. వారం తీసుకో, ఆ గొయ్యి పూడ్చి పట్రా, మళ్లీ ఆడదాం." వదిన నా వైపు చూడను కూడా చూళ్లేదు. "పూడ్చడానికి నా దగ్గర మట్టి లేదండీ" అంది. మూడాటలు ఆడి ఎత్తేశారు. ఆవిడ వెళ్లి మళ్లీ పీట మీద కూచుంది. ఇంకో తొమ్మిదేళ్లు, పోయేదాకా. మళ్లీ ఎప్పుడూ రాయలేదు. నాతో మాట తేడా రాలేదు, జడ దువ్వమంటే దువ్వేది, కూర బావుందా అంటే బావుందనేది. నేను చెబుదామనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం. అలా అలా ఆవిడే పోయింది.

నేను చదువు నేర్చుకుంది ఎప్పుడంటావా, మీ తాతయ్య పోయిన రెండేళ్లకి, యాభై ఎనిమిదో ఏట. ఆయనకి తెలుసునేమోనని ఇప్పుడనిపిస్తుంది. పేపరు రోజూ పైకి చదివేవాడు. ఎవరి కోసం అని నేనెప్పుడూ అడగలేదు. లైబ్రరీ వెనక గదిలో ఒక పిల్ల పెద్దవాళ్లకి నేర్పేది, అక్కడికి వెళ్లేదాన్ని. అ నుంచి మొదలు. ఎంత వింతగా ఉండేదో, రోజూ చూసే కొట్ల బోర్డులు ఒక్కొక్కటే నోరు విప్పడం మొదలెట్టాయి. ఉత్తరం సంగతి ఆ పిల్లకొక్కదానికే చెప్పాను, చదువొచ్చాక ముందు మీ అమ్మగారి ఉత్తరమే చదివారా అని అడిగింది. చదవలేదు. అది నాకు వదిన గొంతులో ఉంది, అక్కడే ఉండనీ అనుకున్నా. నేను తీసింది వదిన నాటకం పుస్తకం. పెన్సిలు రాత, మాసిపోయింది. మీ తాతయ్య కంటికి బిగించుకునే భూతద్దం ఉండేదిగా, అది పెట్టుకుని ఒక్కో అక్షరమే పట్టుకున్నాను. చివరి పేజీలో సీన్ల వరస ఉంది. ఒక్కొక్కదాని ఎదురుగా, నేను గుర్తు పెట్టుకున్నవాటికి టిక్కు, మర్చిపోయినవాటికి అడ్డగీత. మేనమామకి అడ్డగీత. డాక్టరుకి అడ్డగీత. ఉత్తరం దగ్గర టిక్కూ లేదు, గీతా లేదు. పక్కన సన్నగా రాసుంది. ఆ ఒక్క లైనుకి నాకు రెండు పగళ్లు పట్టింది. "ఇది మరదలిది. అడక్కుండా తీసుకున్నాను. తిరిగి పెట్టేశాను."

ఊ.

ఏమిటే? ఏదో అన్నావు, సరిగ్గా వినపళ్లేదు. రాసుకోనా అనా? ఆ ఉత్తరం సీనా? నీ సినిమాలో ఇమిడేదేనా అది? అలాగా, నీ దాన్లోనూ మధ్యలో గొయ్యి ఉందా. అందుకా నెల్లాళ్లూ గోడ చూస్తున్నావు. నువ్వు అడిగావు. వదిన అడగలేదు. అడిగుంటే ఇచ్చేదాన్నా అంటే, ఏమో, ఇచ్చేదాన్ని కాదేమో. ఇవాళ ముందు వరసలో కూచునేవాళ్లెవరూ లేరుగా. లే, అల్మరాలో రెండో అరలో ఉంది డబ్బా. తెల్లది, ఒక చిల్లు విరిగింది, అడుగున ఉంటుంది, వెతుక్కో. నల్లది మాత్రం ముట్టుకోకు, నా స్వెట్టరుకి అదే సరిపోతుంది. వెళ్తూ వెళ్తూ ఈ తొక్కలు తీసుకెళ్లు, పొయ్యి మీద నీళ్లు మరిగినట్టున్నాయి.